ఆస్కార్ బొమ్మగారికి ఒక అభిమాని విన్నపం

మహారాజశ్రీ ఆస్కార్ గారికి,

నమస్కారాలు. ఒంటి మీద నూలుపోగు లేకపోయినా లోకమంతా మీకు దండం పెడుతుంది. మీ యోగం అలాంటిది! జాత్యహంకారం మీద పోరాడే కథలంటే మీకు ప్రాణమని విని రాస్తున్నాను.

1963లో మీరు గ్రెగరీ పెక్ చేతికి వెళ్లారు. 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' సినిమాలో చెయ్యని నేరంలో ఇరుక్కున్న నల్లజాతి కూలీ టామ్ రాబిన్సన్ తరఫున వాదించే లాయరు వేషం. ఆ పోరాటంలో లాయరుగారికి అయిన ఖర్చెంతో లెక్క చూశాను. ఒక తాగుబోతు మొహాన ఉమ్ముతాడు, ఆయన జేబురుమాలుతో తుడుచుకుంటాడు. అబద్ధమెందుకు, కొడుకు చెయ్యి కూడా విరుగుతుంది. మరి టామ్‌కో? సినిమాకి మూలమైన నవలలో ఒంట్లో 17 తూటాలు. సినిమాలో ఆ చావు చూపించరు. లాయరుగారు కబురు చెబుతుంటే ఆయన మొహంలో బాధ చూసి మనం ఏడవాలి.

కోర్టు సీను మరీ ముచ్చట. కేసు ఓడిపోయింది, టామ్‌ని తీసుకుపోయారు. బాల్కనీలో విడిగా కూర్చున్న నల్లవాళ్లంతా అప్పుడు లేచి నిలబడతారు. కాగితాలు సర్దుకుని వెళ్తున్న లాయరుగారికి మర్యాదగా! టామ్ వేషం వేసి, బోనులో కంటతడితో గుండె పిండేసిన బ్రాక్ పీటర్స్‌కి మీ దగ్గర నామినేషన్ కూడా దక్కలేదు. పోనీలెండి, చచ్చేవాడి వేషం ఎవరైనా వేస్తారు.

అంతకుముందు హాటీ మెక్‌డానియల్ అనే నల్లజాతి నటి ఉన్నారు. బానిసల కాలాన్ని స్వర్ణయుగంలా చూపించిన 'గాన్ విత్ ది విండ్' సినిమాలో పనిమనిషి వేషానికి 1940లో బహుమతి. వేడుక జరిగిన హోటల్లోకి నల్లవాళ్లను రానివ్వరు. నిర్మాత సిఫార్సు చేస్తే గోడ వారగా చిన్న టేబుల్ వేశారు. తోటి నటులు వేరే టేబుల్ దగ్గర. చేతికిచ్చింది కూడా మిమ్మల్ని కాదు, పలకని. సహాయ నటులకు అప్పట్లో అంతేనట. పనిమనిషి వేషాలేంటని సొంతవాళ్ల తిట్లు అదనం. హాలీవుడ్ శ్మశానంలో పూడ్చమని కోరుకున్నారు, 1952లో అక్కడా చోటివ్వలేదు. మీ ఊళ్లో నల్లవాళ్లకు బహుమతి కంటే గొయ్యి దొరకడమే కష్టమన్నమాట.

మాకూ మీ దయ అందింది, మర్చిపోలేదు. డాన్స్ గురించి మీకేం తెలుసని తెల్లదొర ఎగతాళి చేస్తే మనవాళ్లు చిందేసి దుమ్ము రేపే పాట 'నాటు నాటు'. 2023లో దానికి మిమ్మల్ని ఇచ్చారు, ఇంటింటా పండగే. అదే పాటకి మీ స్టేజి మీద ఆడిన ప్రధాన డాన్సర్లలో దక్షిణాసియా వాళ్లు లేరని గొడవైంది. రాజమౌళిగారి కుటుంబాన్ని వెనక వరుసలో కూర్చోబెట్టారు. గోడ వారగా కాదు కదా, బోలెడు ప్రమోషన్!

ఈసారి బహుమతి ఇచ్చేముందు, కథలో చచ్చిపోయినవాడు హాల్లో ఎక్కడ కూర్చున్నాడో ఒక్కసారి చూడండి. మెడ తిరగదు, తెలుసు. ఎవరినైనా అడగండి.

ఇట్లు,
మీ వెనక వరుస అభిమాని