వేసి వదిలేయండి సార్!

చెట్టు నీడన నేలంతా పచ్చగా కప్పేస్తుందని పేరున్న మోండో గ్రాస్ గురించి ఎవర్నడిగినా ఒకటే మాట: "వేసి వదిలేయండి సార్, మెయింటెనెన్స్ ఉండదు." ఈ మాట మొదట అన్న మహానుభావుడెవరో కానీ ఆయనకు ఘనంగా సన్మానం చేయాలి. శాలువా కప్పి, అక్కడే చిన్న పీట వేసి కూర్చోబెట్టి, మొదటి ఏడాది కలుపంతా ఆయనతోనే పీకించాలి.

ఎందుకంటే పేరుకే ఇది గడ్డి. నిజానికి శతావరి కుటుంబంలోది. గడ్డిలాగా గబగబా అల్లుకుపోవడం దాని వంశంలోనే లేదు. నేల లోపల సన్నటి కాడలు పాకించి, తీరిగ్గా ఒక్కో పిలకా వేస్తుంది. ఖాళీలన్నీ కమ్ముకోవడానికి రెండు మూడేళ్లు పట్టినా పట్టచ్చు. ఈలోపు ఆ ఖాళీల్లో కలుపుదే రాజ్యం. మెయింటెనెన్స్ ఉండదన్నది అబద్ధమేం కాదు లెండి. అమ్మినవాడికి ఉండదు.

ఇక పైపు పట్టుకున్న పెద్దమనిషి. ఈయన లేని వీధి ఉండదు. పొద్దున్నే లేచి నీళ్లు పెడతాడు. ఆకు పసుపెక్కుతుంది. పాపం దాహమేస్తోందేమోనని సాయంత్రం కూడా పెడతాడు. ఇంకాస్త పసుపెక్కుతుంది. బలం చాలట్లేదని గుప్పెడు యూరియా విసురుతాడు. అది కుదుళ్లలో పడి, ఉన్న నాలుగు ఆకులనూ మాడుస్తుంది. తెగులేమోనని మందు కొడతాడు. మందు ఇంకాలి కదా, మళ్లీ నీళ్లు. చివరికి ఓ కుదురు పట్టుకుని లాగితే ఆకుల గుత్తి చేతిలోకి వచ్చేస్తుంది. కింద వేరు ఉండదు, కుళ్లు వాసన తప్ప. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి పోస్టుమార్టం చేస్తారు. పైపు మాత్రం పారుతూనే ఉంటుంది. నాటిన కొత్తలో తప్ప దీనికి రోజూ నీళ్లక్కర్లేదు. మట్టిలో వేలు పెట్టి, తడి తగిలితే ఆ రోజుకి పైపు చుట్టేయచ్చు. అందరి విషయాల్లోనూ వేలు పెట్టే ఆయన ఈ ఒక్కచోట మాత్రం పెట్టడు.

వారం వారం మిషన్‌తో గొరిగేవాళ్ల గురించి చెప్పడం దండగ. కొత్త చిగుళ్లు రాకముందు, అదీ ఆకులు చిరిగి వికారంగా ఉంటేనే, కుదురుకి తగలకుండా ఏడాదికోసారి కత్తిరిస్తే చాలు.

ఇంతవరకూ చచ్చింది మొక్క. నవ్వుకోవచ్చు. చెట్టు జోలికి వచ్చేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఈ పిలకలు నాటేందుకు చెట్టు వేళ్ల మధ్య గుంటలు తీయడానికి బద్ధకమేసి, దాని చుట్టూ అడుగు మందాన మట్టి పోయిస్తారు. మొదలుకి ఆనించి మరీ! చెట్టుకి తిండి తెచ్చే సన్నటి వేళ్లు ఎక్కువగా ఉండేది పైపొరలోనే. వాటికి గాలి కావాలి. ఆ మాత్రం తెలియని వాడికి పార ఎవడిచ్చాడు? చెట్టు వెంటనే చావదు. కొన్నేళ్లపాటు పై కొమ్మల నుంచి ఎండుకుంటూ వస్తుంది. అప్పుడు "ముసలిదైపోయిందండీ" అని కొట్టేస్తారు. ముసలిదవలేదు, మీరే పాతిపెట్టారు! నీడ పోయాక మధ్యాహ్నపు ఎండకి కింద ఉన్నదీ మాడుతుంది. అప్పుడు తిట్లు మొక్కకి.

మట్టి పోయకండి. వేళ్ల మధ్య సందు దొరికిన చోట చిన్న గుంట తీసి, వేరున్న పిలకొకటి పెట్టండి. మొదలుకి కాస్త ఎడం వదలండి. అంత ఓపిక లేదా? రాలిన ఆకుల్ని ఊడ్వకుండా అలాగే ఉండనివ్వండి. చెట్టు తన కింది నేలను తనే కప్పుకుంటోంది, మధ్యలో మిమ్మల్నెవరూ కాంట్రాక్టుకి పిలవలేదు.