కేక ఆగని ఒంటికి ఇమ్యూనిటీ పొడి దేనికి?

కావలిలో నాకు తెలిసినాయన ఒకాయన, ఏళ్లుగా హెచ్ఐవీ మాత్రలు వాడుతున్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు. పోయిన నెల ఎవరో చెప్పారని "ఇమ్యూనిటీ పెంచే" పొడి డబ్బా పట్టుకొచ్చాడు. పెంచడమంటే ఏంటో అమ్మినవాడికైనా తెలుసా అని నా అనుమానం.

ఇంటర్ఫెరాన్ సంగతే తీసుకోండి. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టిన ఈ ప్రొటీన్‌ని వైరస్ సోకిన కణం బయటికి వదులుతుంది, అది దొంగ పడ్డాడని వీధిలో వేసే కేక లాంటిది. పక్క కణానికి అది తగలగానే జాక్, స్టాట్ అనే ప్రొటీన్లు ఆ కబురు న్యూక్లియస్ దాకా చేరవేస్తాయి, వందల జీన్లు మేలుకుంటాయి. అందులో టెథరిన్ అనేది బయటికి పోబోయే వైరస్‌ని కణం పొరకే కట్టిపడేస్తుంది. హెచ్ఐవీ ఏమన్నా తక్కువ తిందా, వీపీయూ అనే తన ప్రొటీన్‌తో ఆ టెథరిన్నే అడ్డు తొలగిస్తుంది.

దొంగ ఇంట్లోనే కాపురం పెట్టాడు, కేక మాత్రం ఆగదు. మందులతో వైరస్ లెక్కకందనంత తగ్గినా కొందరిలో ఈ కేక సన్నగా సాగుతూనే ఉంటుంది, వైరస్‌తో పోరాడే టీ కణాలు అలసిపోతాయి. ఆఫ్రికాలో సూటీ మాంగబే అనే కోతులున్నాయి. హెచ్ఐవీకి చుట్టమైన కోతుల వైరస్ ఎస్ఐవీ వాటి ఒంట్లో దండిగా ఉన్నా మామూలుగా ఎయిడ్స్ రాదు, వాటి కణాలు మొదట గట్టిగా అరిచి కొన్ని వారాల్లో నోరు మూసుకోవడం దానికి ఒక కారణమంటారు. ఆపడం తెలియని రీసస్ కోతులకేమో జబ్బు ముదురుతుంది. మనిషి రోగనిరోధక కణాలు పెట్టిన ఎలుకల్లో మందులతోపాటు ఇంటర్ఫెరాన్ కేకని అందుకునే రిసెప్టర్‌ని అడ్డుకుంటే టీ కణాలు తేరుకున్నాయి, దాక్కున్న వైరస్ కూడా తగ్గిందని 2017లో తేలింది. నాకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

వైరస్ సోకిన తొలిరోజుల్లో ఇంటర్ఫెరాన్‌ని అడ్డుకుంటే కొంప మునుగుతుంది కదా అంటారు. నిజమే, 2014లో రీసస్ కోతుల్లో అదే జరిగింది. కానీ అదే ప్రయోగంలో ఇంటర్ఫెరాన్‌ని బయటినుంచి ఇస్తూ పోతే, మొదట కాపాడినా, తర్వాత కణాలు దాన్ని లెక్కచేయడం మానేశాయి.

ఒళ్లంటే పెట్రోలు బంకా, పట్టేకొద్దీ పోయడానికి? 2021 మేలో ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నం దారిపొడవునా నిలబడ్డ జనాన్ని చూసినప్పుడు కరోనా భయం అనుకున్నాం, సరే. భయం పోయింది, "పెంచుకోవాలి" అనే పిచ్చి మాత్రం నెల్లూరు నుంచి ఒంగోలు దాకా డబ్బాల్లో అమ్ముడుపోతోంది. 2004 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్న హెచ్ఐవీ మాత్రకి లేని మర్యాద దానికుంది. ఆ కావలాయన డబ్బా ఖరీదు ఎనిమిది వందలంట, మాత్రలు మానలేదులే అన్నాడు నవ్వుతూ, అదొక్కటే నయం.