విషం వారిది, బిల్లు మనదా?

కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను కేంద్రం 2025 జులైలో తెచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి బాధ్యులను 90 రోజుల్లో తేల్చాలి, శుద్ధి ఖర్చు వారితోనే కట్టించాలి. బాగానే ఉంది. కానీ బాధ్యులు దొరక్కపోతే ఆ ఖర్చు ప్రభుత్వాలు భరించాలన్న వెసులుబాటూ అందులోనే పెట్టారు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చెరువుల విషయంలో మా భయమంతా దాని గురించే.

ఇక్కడ 'దొరకలేదు' అనే మాట చెల్లదు. ప్రతి ఫ్యాక్టరీకీ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతిలో రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం వస్తుందో, దాన్ని ఎక్కడికి పంపాలో రాసి ఉంటుంది. ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వెళ్లే ట్యాంకర్లకు లెక్కలుంటాయి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) ఎక్కువున్న నీటిని ఎవాపరేటర్ యంత్రంలో మరిగించి ఇగర్చాలంటే ఆవిరి కావాలి, దానికి బాయిలర్‌లో బొగ్గు మండించాలి, ఖర్చంతా అక్కడే. ఉత్పత్తి పెరిగినా ఆవిరి వాడకం పెరగలేదంటే మిగిలిన నీళ్లు వానాకాలం రాత్రుళ్లు ఏ వాగులో కలిశాయో కనిపెట్టడానికి డిటెక్టివ్‌లు అక్కర్లేదు.

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లోనే ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ ప్రాంతంలోని రెండు చెరువుల్లో అదే మందు లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా దొరికిందని 2009లో మరో అధ్యయనం తేల్చింది. ఆ కేంద్రం ఒక్కటే కాదు, సరిగా శుద్ధి కాని వ్యర్థాలు వేరే దారుల్లోనూ వస్తున్నాయన్నమాట. ఇంత జరిగాక 2020 ముసాయిదాలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టిన కేంద్రం, 2021 తుది నోటిఫికేషన్‌లో వాటిని ఎత్తేసింది!

జరిమానాలు వేస్తున్నాం కదా అంటారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ప్రకారం రెడ్ కేటగిరీకి (ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలకు) కాలుష్య సూచీ 80, రూపాయి గుణకం 250, పెద్ద పరిశ్రమకు 1.5. వీటిని గుణించాలి. ప్రాంత గుణకం ఒకటనుకుంటే రోజుకు 30 వేల రూపాయలు, నెలకు 9 లక్షలు. ఈ లెక్క రోజులను కొలుస్తుంది తప్ప చెరువు అడుగున పేరుకున్న బురదను కొలవదు. ఎకరం మేర అడుగు లోతు బురద తీస్తే 1,230 ఘనపు మీటర్ల పైమాటే, పది ఘనపు మీటర్ల టిప్పర్లకు 120కి పైగా ట్రిప్పులు. మిషన్ కాకతీయ పూడికలా దాన్ని పొలాల్లో చల్లడానికి వీల్లేదు. ముందు చెరువులోకి వ్యర్థాలు తెచ్చే కాల్వలకు అడ్డుకట్ట వేయాలి, లేదంటే మళ్లీ వానాకాలానికి మొదటికే వస్తుంది. తర్వాత చెరువును గళ్లుగా విభజించి పొరలవారీగా నమూనాలు తీయాలి. చూసుకోకుండా కెలికితే అడుగున ఉన్న లోహాలు మళ్లీ నీళ్లలోకి లేస్తాయి. తీసిన బురదను పిండాలి, పిండగా వచ్చిన నీటినీ శుద్ధి చేయాలి. విషపూరితమని తేలిన పొరను దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేర్చాలి. ఈ ఖర్చు ముందు నెలకు 9 లక్షలు ఏ మూలకు? ఆ మిగతాది జనం నెత్తినే పడుతుంది.

హుస్సేన్‌సాగర్ సంగతి చూశాం. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన పారిశ్రామిక వ్యర్థాలతో పాడైన సాగర్ కోసం 2006లో జపాన్ నుంచి అప్పు తెచ్చారు. తీర్చేది పన్ను కట్టేవాళ్లు. అదే ఆనవాయితీ పటాన్‌చెరుకూ పాకితే, పారబోయడమే లాభసాటి అని ప్రతి యజమానికీ ప్రభుత్వమే నేర్పినట్టు.

మూతపడ్డ పాత కంపెనీల పాపం తమకు చుట్టొద్దని, ఉపాధి దెబ్బతింటుందని పరిశ్రమ వర్గాలు అంటున్నాయి. అనుమతించిన వ్యర్థజలం, నడిచిన ఏళ్లను బట్టి వాటాలు వేసి ముందు అందరితో కట్టించండి, ఎవరి వాటా ఎంతో తర్వాత వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. శుద్ధి ఖర్చు కాలుష్య కారకులదేనని రసాయన ఫ్యాక్టరీలు పాడుచేసిన రాజస్థాన్‌లోని బిచ్రి గ్రామం కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి. కంపెనీలు పిటిషన్ల మీద పిటిషన్లు వేసి సాగదీస్తే, 37.385 కోట్ల శుద్ధి ఖర్చుకు 12 శాతం చక్రవడ్డీ కలిపి కట్టమని సుప్రీంకోర్టు 2011లో ఆదేశించింది. నష్టపరిహారం విధించే అధికారం మండళ్లకు ఉందని 2025 ఆగస్టులో మళ్లీ చెప్పింది.

చట్టం చేతిలో ఉంది, కాగితాలు బీరువాలో ఉన్నాయి. మండలి అధికారులు చెరువు గట్టు మీద సీసాల్లో నీళ్లు పట్టుకుని ఫొటోలు దిగింది చాలు. 90 రోజుల గడువు దాటకుండా ఫ్యాక్టరీల పేర్లతో డిమాండ్ నోటీసులు పంపాలి. అది చేతకాకపోతే, ఇన్నేళ్లుగా ఆ అనుమతులపై సంతకాలు పెట్టిందెవరో ముందు చెప్పాలి.