అఖాతానికీ నీటి వాటా

గోదావరికి వరద వచ్చి ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తితే చాలు, ఇన్ని లక్షల క్యూసెక్కులు సముద్రం పాలయ్యాయని లెక్కలు మొదలవుతాయి. సాగునీటికి ముఖం వాచిన ప్రాంతాల బాధ మాకు తెలుసు. కానీ ఆ నీటి మీద బతికే కాకినాడ అఖాతం ఏ లెక్కలోనూ కనిపించదు.

గౌతమి నుంచి చీలిన కోరింగ, గాడేరు పాయలు కలిసేది ఈ అఖాతంలోనే. దానికి సముద్రం వైపు అడ్డుగా సుమారు 16 కిలోమీటర్లు సాగిన హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుకే. రేవుకు అలల తాకిడి తగ్గినా, తాబేళ్లకు గుడ్లు పెట్టే చోటు దొరికినా ఆ ఇసుక చలవే. ఎగువన కట్టే ప్రతి డ్యామూ కొంత ఒండ్రును ఆపేస్తుంది. డ్యాములు వద్దని మేం అనం. కాటన్ ఆనకట్ట లేకపోతే డెల్టాలో ఇంత వరి ఎక్కడిది? కట్టేముందు కింద ఏం తరిగిపోతుందో చెప్పమంటున్నాం.

అఖాతం ఒడ్డున పెరిగే మడ చెట్టు ఉప్పునీటిని తట్టుకుంటుంది, దానికీ ఓ హద్దుంది. పోటుకు ఎక్కిన నీరు పాటుకు దిగిపోకుండా పల్లంలో నిలిస్తే, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఇక అక్కడ మొక్క బతకదు. గోదావరి మడ అడవుల్లో అలా బోడిగా మారిన చోట్ల చేప ముల్లు ఆకారంలో ఓ పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పిల్ల కాలువలు తవ్వారు. నీరు ఆడింది, ఉప్పు కడుక్కుపోయింది, నాటిన మొక్కలు నిలదొక్కుకున్నాయి. మొక్క చేత్తో పట్టుకుని ఫొటో దిగడం కంటే ఈ మట్టిపని ఎంతో నయం.

అయితే కాలువలు పోటు నీటిని తేగలవు గానీ గోదావరి నీటిని తేలేవు. ఈ మడ అడవుల్లోని కోరింగ అభయారణ్యం 1978 నుంచీ ఉంది. అయినా బాధ్యత మాత్రం ముక్కలుముక్కలే. అడవి ఒక శాఖది, చేపలు ఇంకో శాఖవి, పర్ర భూములు (ఉప్పు నేలలు) రెవెన్యూవి, బ్యారేజీ జలవనరుల శాఖది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ అడవిని చదును చేసిన వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

వేసవిలో బ్యారేజీ దిగువకు ఎంత నీరు వదలాలో ప్రభుత్వం తేల్చాలి. కోరింగ, గాడేరు పాయల్లో ఉప్పు శాతాన్ని నెలనెలా కొలిచి బయటపెట్టాలి. నీటి విడుదలపై నిర్ణయం తీసుకునే సమావేశానికి రైతులతో పాటు అఖాతంలో వల వేసేవాళ్లనూ పిలవాలి.