కలుగు ఎవరిది?

(నెల్లూరు దగ్గర ఒక పల్లె. కోత అయిన వరిపొలం. యానాది తెగ గిరిజనుడొకతను గడ్డి కూరి నిప్పంటించిన కుండ మూతిని ఎలుక కలుగుకు ఆనించి, అడుగునున్న చిల్లిలోంచి నోటితో ఊదుతున్నాడు. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మామయ్య, హైకోర్టులో లాయరైన మేనకోడలు గట్టు మీద నిలబడి చూస్తున్నారు.)

మామయ్య: ఏందమ్మాయ్, ఎలుకలు పట్టడం కూడా మానవ హక్కేనా?

మేనకోడలు: అవును మామయ్యా. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల మీద ప్రకటన చేసింది. వాళ్ల సంప్రదాయ జ్ఞానం మీద అధికారం వాళ్లదేనని 31వ అధికరణం. మన దేశమూ ఓటేసింది.

మామయ్య: ఓటేసింది. మా దేశంలో అందరూ మూలవాసులేనని కూడా అంటుంది. ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టుంటే టీ కప్పు కింద వేసుకునేవాణ్ణి.

మేనకోడలు: మన చట్టమే చూడు. 2006 అటవీ హక్కుల చట్టంలో భూమితో పాటు సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కూ ఉంది. ఆ చట్టం అండతోనే 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ గని వద్దన్నాయి.

మామయ్య: అది అడవి చట్టం. దోర్నాల పక్క చెంచులకు పనికొస్తుంది. ఇతని గుడిసె చెరువు పోరంబోకులో ఉంది. ఏ సెక్షన్ కింద పెడతావో చెప్పు.

(మేనకోడలు వెంటనే ఏమీ అనలేదు. ఈ ప్రశ్న దగ్గర పెద్దాయనదే పైచేయి.)

మేనకోడలు: పెట్టలేను. నా గొడవంతా అదే. మీవాళ్లు రోడ్డు పక్కన ఇంటి స్థలం ఇచ్చి చేతులు దులుపుకుంటారు. చెరువులో చేపలు ఇంకెవరికో పోతాయి. ఇతనికి తెలిసిన విద్య ఆ నాలుగ్గోడల మధ్య ఏం చేసుకోవాలి?

మామయ్య: పట్టా లేకపోతే రేపు ఎవరైనా లేపేస్తారు. వాన ముంచుకొస్తే ముందు మునిగేదీ ఆ గుడిసే. పాము కరిస్తే ఆసుపత్రి దగ్గరుండాలా, పసరు పోసుకుని కూర్చోవాలా?

మేనకోడలు: ఆసుపత్రికే పోవాలి. అక్కడ వేసే మందుకు విషం ఎక్కణ్నుంచి వస్తుందనుకున్నావు? తమిళనాడులో ఇరుళ తెగవాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. లైసెన్సుతో పాముల్ని పడతారు, విషం తీసి మళ్లీ వదిలేస్తారు. మట్టి మీద జాడ చూసి పాము ఎటు పోయిందో చెప్పే విద్య అది. అందులో పసరు లేదు.

మామయ్య: (కాసేపాగి) అది బాగానే ఉంది. కానీ పాము ఉండేది రైతు పొలంలో. రేపు ఇదే పొలం రొయ్యల గుంట అయిందనుకో. అడ్డం పడటానికి ఇతనికేం హక్కుంది? కలుగు రైతుదా, ఇతనిదా?

మేనకోడలు: భూమి ఒక చట్టంలో, తెలివి ఇంకో చట్టంలో ఉన్నంతకాలం రైతుదే అంటారు. ఆ రెంటినీ విడదీయకూడదనే నేను...

యానాది అతను: (కుండ దించి, దగ్గుతూ) సామీ, రవ్వంత పక్కకు జరగండి. దీని ఇంకో బొరియ మీ కాళ్ల కిందే ఉంది.