ఎఫ్‌ఐఆర్‌లో పేరుంటే బతుకంతా అనుమానితుడేనా?

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. సైన్యంలో నాలుగేళ్ల ఉద్యోగమిచ్చే అగ్నిపథ్ పథకం మీద కోపం రైళ్లను తగలబెట్టింది. పోలీసు కాల్పుల్లో మన వరంగల్ జిల్లా యువకుడు చనిపోయాడు. రెండు రోజులకే సైన్యాధికారులు ఢిల్లీలో తేల్చిచెప్పారు: నిరసనల్లో, విధ్వంసంలో పాల్గొనలేదని అభ్యర్థి రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ తప్పదు, ఎఫ్‌ఐఆర్ ఉంటే చేరడానికి వీల్లేదు.

బోగీకి నిప్పు పెట్టినవాణ్ని వద్దంటే ఎవరూ కాదనరు. కానీ ఎఫ్‌ఐఆర్ ఆరోపణ మాత్రమే, తీర్పు కాదు. ప్లాట్‌ఫాం మీద నినాదం ఇచ్చినవాడూ, పెట్రోలు పోసినవాడూ ఒకే కేసులో ఉండొచ్చు. కోర్టు తేల్చకముందే ఇద్దరికీ ఒకే శిక్ష వేయడం ఏ న్యాయం?

హన్మకొండలో తెల్లారకముందే మైదానం చుట్టూ పరుగెత్తే పిల్లల్ని అడగండి. 1600 మీటర్ల పరుగు కన్నా అటెస్టేషన్ ఫారమే ఎక్కువ టెన్షన్ అంటారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, బైండోవర్ అయ్యారా, జరిమానా పడిందా, కేసు పెండింగ్‌లో ఉందా అని వరసగా అడుగుతుంది ఆ కాగితం. బైండోవర్ శిక్ష కాదు, ముందుజాగ్రత్త చర్య. తహసీల్దార్ ముందు పూచీకత్తు రాసిచ్చి ఇంటికొచ్చిన కుర్రాడు దాన్ని కేసనే అనుకోడు. 'లేదు' అని రాస్తాడు. ఎంక్వైరీలో అది బయటపడగానే జరిగిందేమిటన్నది ఎవరికీ పట్టదు, దాచాడన్నదే పెద్ద నేరమైపోతుంది.

సుప్రీంకోర్టు ఇలా చూడమనలేదు. అవతార్ సింగ్ కేసులో 2016లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిన్న విషయాలను దాచినా మన్నించవచ్చని చెప్పింది. అంతకు చాలా ముందే, 1983లో, మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఇంకా గట్టిగా మాట్లాడారు. ఒకప్పటి రాజకీయ కార్యకలాపాల గురించి పోలీసులిచ్చిన రిపోర్టుతో మధ్యప్రదేశ్‌లో ఒక టీచర్ ఉద్యోగం పీకేశారు. దేవదూతలే అడుగుపెట్టాల్సిన స్వర్గమా ప్రభుత్వ ఉద్యోగం అని ఆయన నిలదీశారు. కొన్నిసార్లు అన్యాయాన్ని సహించలేక కుర్రాళ్లు ఉద్యమాల్లోకి వెళ్తారని, అది వాళ్ల నిజాయితీకి గుర్తు కూడా కావచ్చని ఆ తీర్పులో రాశారు.

తుపాకీ, రహస్య ఫైలు చేతికిచ్చే చోట రిస్క్ తీసుకోలేమని అధికారులు అంటారు. నిజమే, జల్లెడ పట్టాల్సిందే. జల్లెడ పట్టడమంటే కేసు చదవడం. కేసు నంబరు చూసి ఫైలు మూసేయడం కాదు.

ఉత్తర తెలంగాణలో ఇది కుర్రాడి చరిత్రతో ఆగదు. 1978లో నక్సలైట్ ఉద్యమం పేరుతో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నాటి నుంచి ఇక్కడి పల్లెల మీద పడ్డ అనుమానం పోలేదు. ములుగు, భూపాలపల్లి వైపు స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్ బండి దిగి, కిరాణా కొట్టు దగ్గర మెల్లగా అడుగుతాడు: "వీళ్లింట్ల అన్నలల్లకు పోయినోళ్లు ఎవరన్న ఉన్నరా?" కుర్రాడు పుట్టకముందే అడవికి పోయిన చిన్నాయన గురించి కొట్టువాడు చెప్పిన ముక్క రిపోర్టులోకి ఎక్కుతుంది. ఆ రిపోర్టు కుర్రాడికి చూపించరు. ఏం రాశారో తెలియనివాడు ఏమని జవాబిస్తాడు? అసలు వ్యాధి ఈ చాటుమాటు రాతలే. పాస్‌పోర్టు నుంచి పోలీసు ఉద్యోగం దాకా మన జీవితాలను మనం చూడని కాగితాలు నిర్ణయిస్తున్నాయి.

తెలంగాణ ఉద్యమంలో పట్టాల మీద కూర్చున్నవాళ్ల గతి చూడండి. రైల్వే చట్టం కేంద్రానిది కాబట్టి, ఆ కేసుల ఉపసంహరణకు కేంద్రం అనుమతి కావాలి. రాష్ట్రం వచ్చిందని సంబరాలు చేసుకున్న నాయకులు ఆ ఫైళ్ల వెంట పడాలి కదా! పెండింగ్‌లో ఉన్న ప్రతి రైల్‌రోకో కేసు జాబితా తీసి ప్రభుత్వం ఢిల్లీకి పంపాలి. వెరిఫికేషన్‌లో అభ్యంతరం రాసిన ప్రతి రిపోర్టు నకలు అభ్యర్థి చేతికివ్వాలి, జవాబు చెప్పుకోవడానికి పదిహేను రోజుల గడువివ్వాలి, అప్పటిదాకా ఆ పోస్టును ఇంకొకరితో నింపకూడదు.