చీమ తలకాయంత అక్షరాల్లో నిజం

మహిళల హెల్త్ ప్యాకేజీల్లోకి ‘రొమ్ము క్యాన్సర్ మార్కర్’ (క్యాన్సర్ జాడ తెలిపే గుర్తు) అనే రక్తపరీక్ష వచ్చి కూర్చుంది. ఒక్క సూది పోటు, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) బాధ లేదు, ఇక టెన్షన్ అక్కర్లేదు అని ప్రకటనలు. చాలాచోట్ల ఆ పరీక్ష పేరు సీఏ 15-3; రక్తంలో ఆ పేరున్న ప్రొటీన్ ఎంతుందో కొలుస్తుంది. రిపోర్టు వచ్చాక అడుగున చూడండి. దీన్ని స్క్రీనింగ్‌కు, అంటే లక్షణాలేమీ లేనివాళ్లలో జబ్బు వెతకడానికి, వాడకూడదని చీమ తలకాయంత అక్షరాల్లో చాలా ల్యాబులు రాసే ఉంచుతాయి. పైన అమ్ముతున్నవాళ్లే కింద కాదంటున్నారు!

ఇదేమీ నిన్న మొన్న తేలింది కాదు. స్క్రీనింగ్‌కు గానీ, వ్యాధి నిర్ధారణకు గానీ సీఏ 15-3ని వాడొద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2007లోనే చెప్పింది. కణితి చిన్నగా ఉన్నప్పుడు, అంటే పట్టుకుంటే నయం చేయగలిగిన దశలో, ఈ అంకె తరచూ మామూలుగానే ఉంటుంది. కాలేయ జబ్బు ఉన్నా, క్యాన్సర్ కాని రొమ్ము సమస్య ఉన్నా పెరగొచ్చు. జబ్బు లేని మనిషికి నిద్ర కరువవుతుంది, జబ్బున్న మనిషి హాయిగా నిద్రపోతుంది. మాకు ఎక్కువ భయం రెండోదే. చేతికి గడ్డ తగిలినా ‘మొన్నే నార్మల్ వచ్చిందిగా’ అని ఆరు నెలలు ఊరుకున్న ఆమెకు ఆ ఆరు నెలలు ఎవరు తిరిగిస్తారు? కింద రాశాం కదా అంటారా?

మార్కర్లన్నీ దండగ అనడం లేదు. బయాప్సీలో కణితి నుంచి తీసిన ముక్కలో ఈఆర్, పీఆర్ (హార్మోన్లు అతుక్కునే గ్రాహకాలు), హెర్2 (కణితి పెరుగుదలను ఎగదోసే ప్రొటీన్) చూడనిదే ఇవాళ సరైన చికిత్స మొదలుకాదు. హెర్2 ఎక్కువున్న కణితి అంటే ఒకప్పుడు వైద్యులకే గుబులు. 1998లో హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందుకు అమెరికాలో అనుమతి వచ్చాక ఆ మార్కరే మందుకు దారి చూపింది. వంశపారంపర్య ముప్పును చెప్పే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష కూడా కుటుంబ చరిత్ర చూసి, వివరంగా మాట్లాడి చేయించాల్సింది. వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతమే. సీఏ 15-3కీ ఒక చోటుంది. ఇతర అవయవాలకు పాకిన క్యాన్సర్ మందుకు లొంగుతోందో లేదో స్కాన్‌తో కలిపి చూడటానికి పనికొస్తుంది. అక్కడ కూడా కొత్త మందు మొదలైన తొలి 4-6 వారాల్లో అంకె ఉత్తినే ఎగబాకవచ్చు. ఇన్ని జాగ్రత్తలున్న పరీక్షను థైరాయిడ్, విటమిన్ డి పక్కన పెట్టి డిస్కౌంట్‌లో అమ్మడమేమిటి?

అవగాహన పెరుగుతోంది, ఇష్టమైనవాళ్లే చేయించుకుంటున్నారు అని ల్యాబుల వాదన. అసలు సంగతి అడుగున దాచి, పైన ఇష్టం అడగడం ఏం న్యాయం? 2019లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ ఆస్పత్రి రక్తంతోనే రొమ్ము క్యాన్సర్ పట్టేస్తామని ఆర్భాటంగా ప్రకటించింది. పరిశోధన పత్రం అచ్చుకాకముందే అది పతాక శీర్షిక అయింది, ఆనక విచారణలు నడిచాయి. ఆ హడావుడిలో పత్రికలవాళ్ల పాపం కూడా ఉంది, ఒప్పుకుంటాం.

ల్యాబ్ యజమానులను ఒక్కటే అడుగుతున్నాం. మీ ఇంట్లో ఆడవాళ్లకు గడ్డ తగిలితే సీఏ 15-3 చేయించి ఊరుకుంటారా? ఊరుకోరు. మామోగ్రామ్‌కు తీసుకెళ్తారు, అవసరమైతే బయాప్సీకి. ఆ అడుగు వాక్యంలో ఉన్నది నిజమని మీకు తెలుసు. ఏమాత్రం సిగ్గున్నా దాన్ని రేపటి ప్రకటనలో ధర పక్కనే, ధరంత పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ తర్వాత ఎన్ని ప్యాకేజీలు అమ్ముడవుతాయో మేమూ చూస్తాం.